పదకొండు టిక్కులు, ఒక్క ఇంటూ

విజయవాడలో ఒక ఆటిజం థెరపీ సెంటర్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న ఒకావిడ రాసిన ఉత్తరమిది. పేరు వద్దన్నారు. ఆమె కింద ఏడుగురు థెరపిస్టులు. ఉత్తరమంతా ఒక ఐదేళ్ల బాబు చుట్టూ తిరుగుతుంది. టేబుల్ దగ్గర కూర్చోబెట్టి పని చెప్పగానే బాబు కేకలు పెడతాడు. కేక పెడితే పని ఆగిపోతుందని వాడికి అలవాటైంది. అందుకని ప్లాన్ ఇలా రాశారు: ‘బ్రేక్’ కార్డు చేతికిస్తే వెంటనే ఒక నిమిషం విరామం, ఇష్టమైన బొమ్మ కారుతో సహా. కేక పెడితే పని ఆపకూడదు. కాస్త తేలిక చేసి కొనసాగించి, శాంతించాక కార్డు గుర్తుచేయాలి.

ఆరు వారాలైంది. మొదట్లో 45 నిమిషాల సెషన్‌కు ఎనిమిది కేకలు ఉండేవి, ఇప్పుడు ఏడు. థెరపిస్టు ప్లాన్ పాటిస్తున్నారో లేదో చూస్తూ ఈవిడ నింపే చెక్‌లిస్టు స్కోరు మాత్రం దాదాపు ప్రతిసారీ 92 శాతం. “నేను గదిలో కూర్చుంటే బాగానే చేస్తారు. కారిడార్‌లో నిలబడితే, కేక వినపడిన పది సెకన్లకే బొమ్మ కారు చప్పుడు వినిపిస్తుంది” అని రాశారు. బాబును చూసే థెరపిస్టు ఆమెకన్నా పదిహేనేళ్లు పెద్ద. “నిన్నగాక మొన్న వచ్చి నాకు మార్కులేస్తావా అమ్మా” అన్నారట. మిగతావాళ్లు వెనకాల ‘సీఐడీ’ అంటున్నారట. 90 శాతం దాటనివాళ్లకు ఇన్సెంటివ్ కోసేయమని యజమాని పట్టుబడుతున్నారు. ఒక జూనియర్ అమ్మాయి అప్పుడే ఏడ్చేసింది. థెరపీ గదికీ, పేరెంట్స్ కూర్చునే హాలుకూ మధ్య ఉన్నది ప్లైవుడ్ పార్టిషన్ మాత్రమేనని కూడా రాశారు, ఏదో మాటల సందర్భంలో. ఇక ప్రశ్నలు: చెప్పకుండా సీసీ కెమెరాలో చూడొచ్చా? స్కోరును జీతానికి ముడిపెట్టొచ్చా? తల్లిదండ్రులకు ఏం చెప్పాలి? అసలు నేను కొలుస్తున్న తీరు సరైనదేనా?

చివరి ప్రశ్నతో మొదలుపెడదాం, ఎందుకంటే మిగతా మూడూ దాని మీదే నిలబడ్డాయి.

మీరు జతచేసిన చెక్‌లిస్టు ఫారంలో 12 గడులున్నాయి. మెటీరియల్ ముందే సర్దారా, బాబును పేరు పెట్టి పలకరించారా, సూచన ఒక్కసారే ఇచ్చారా, డేటా షీటు నింపారా... ఇలా. కేకకు సంబంధించింది ఒక్క తొమ్మిదో గడే: “ప్రవర్తన వచ్చినప్పుడు ప్లాన్ ప్రకారం స్పందించారు, అవును / కాదు.” 12లో 11 అంటే 91.7. మీకు పదేపదే వస్తున్న 92 ఇదే. అంటే దాదాపు ప్రతి ఫారంలోనూ ఒక ఇంటూ ఉంది. పాత ఫారాలు తీసి అది ఏ గడిలో పడిందో చూడండి. తొమ్మిదో గడిలో పడి ఉంటే, మీ కాగితం మొదటి వారం నుంచీ నిజమే చెబుతోంది. దాన్ని శాతంగా మార్చిన చోట ఆ నిజం కనపడకుండా పోయింది. వేరే గడిలో పడి ఉంటే ఇంకో ప్రశ్న వస్తుంది. ఒక సెషన్‌లో ఏడు కేకలు వచ్చాయి, ఐదింటికి సరిగ్గా స్పందించారు, రెండింటికి పని ఆపేశారు అనుకుందాం. అప్పుడు తొమ్మిదో గడిలో టిక్కా, ఇంటూనా? మీ ఫారంలో దీనికి నియమం లేదు. నియమం లేనిచోట చెయ్యి టిక్కు వైపే పోతుంది, ముఖ్యంగా ఎదురుగా ఉన్న మనిషి మనకన్నా పెద్దయితే.

కాబట్టి సెషన్‌కొక టిక్కు మానేసి, అవకాశానికొక గుర్తు పెట్టండి. కేక వచ్చిన ప్రతిసారీ ఒక అవకాశం, కార్డు ఇచ్చిన ప్రతిసారీ ఒక అవకాశం. సరిగ్గా చేసినవాటిని మొత్తం అవకాశాలతో భాగించండి. అయితే ఏ మెట్టు లెక్క ఆ మెట్టుకే ఉండాలి, అన్నీ కలిపేయకూడదు. కలిపితే ఏమవుతుందో చూడండి: 20 ట్రయల్స్ (ఒక్కో సూచన ఇచ్చి చేయించే ప్రయత్నం ఒక ట్రయల్), ఒక్కోదానికి ఐదు మెట్లు (దృష్టి మళ్లించడం, సూచన, ఆగడం, ప్రాంప్ట్ అంటే చేయడానికి సాయం, రీఇన్‌ఫోర్సర్ అంటే చేసినందుకు ఇష్టమైనది ఇవ్వడం). మొత్తం 100. అందులో 95 సరైనవి. ఆ రోజు కేకలు నాలుగు, సరైన స్పందన రెండింటికే. కలిపితే 104లో 97, అంటే 93 శాతం. ఏ యజమానికైనా చూపించుకోదగ్గ అంకె. బాబు కేకలను నిర్ణయించే మెట్టు మీద మాత్రం 50.

ఆ 50 సగం మంచి కాదా అని అనిపించవచ్చు. నాలుగుసార్లు అడిగితే ఒకసారి చాక్లెట్ ఇచ్చే తాతయ్యనూ, ఎప్పుడూ ఇవ్వని తాతయ్యనూ పోల్చండి. ఎవరి దగ్గర పిల్లవాడు ఎక్కువసేపు గోలపెడతాడు? అప్పుడప్పుడు ఫలించే ప్రవర్తన మొండిగా నిలుస్తుంది. పైగా అన్ని తప్పులూ ఒక రకం కావు. బాబు కార్డు ఇచ్చినా థెరపిస్టు షీటు రాసుకుంటూ గమనించలేదు, విరామం ఇవ్వలేదు: చేయాల్సింది చేయకపోవడం. కేక పెట్టగానే విరామం ఇచ్చారు: చేయకూడనిది చేయడం. 2010లో సెయింట్ పీటర్ పిప్‌కిన్, వాల్మర్, స్లోమన్ అనే పరిశోధకులు ఈ రెంటినీ వేరుచేసి పరీక్షించారు. మొదటి రకం ఒక్కటే ఉన్నప్పటికన్నా, రెండో రకం ఉన్నప్పుడు, రెండూ కలిసినప్పుడు ఎక్కువ చెరుపు జరిగింది. మీ ఫారంలో ఈ రెంటికీ రెండు వేర్వేరు వరుసలుండాలి. మీరు కారిడార్‌లో వింటున్న బొమ్మ కారు చప్పుడు రెండో రకం.

80 శాతం వస్తే చాలని మన రంగంలో ఒక మాట తిరుగుతుంటుంది. అది వాడుకగా వచ్చిన గీత. ఏ మెట్టుకైనా, ఏ ప్లాన్‌కైనా సరిపోతుందని దానికి హామీ ఏమీ లేదు. పలకరింపు మెట్టు 80 ఉన్నా నష్టం లేదు. కేక మెట్టుకు మొదటి రెండు మూడు వారాలు 100కి దగ్గరగా ఉండాలి. ఆ మొదటి వారాలకు విలువెక్కువ. 1999లో వాల్మర్ బృందం చూసిందేమిటంటే, ముందు కొంతకాలం కచ్చితంగా నడిచిన ప్లాన్, తర్వాత దొర్లే పొరపాట్లను కొంతవరకు తట్టుకుంటుంది. మీ దగ్గర క్రమం తారుమారైంది. మొదటి రోజు నుంచే గండి పడింది.

ఇక ఫారంలో మాటలు. ‘కేక’ అంటే ఏమిటి? “గది తలుపు మూసి ఉన్నా బయటికి వినపడేది, ఐదు సెకన్లు ఆగి మళ్లీ వస్తే రెండోది” అని రాయండి. ‘పని ఆపడం’ అంటే టేబుల్ మీది మెటీరియల్ తీసేయడం, బాబు కుర్చీ దిగి వెళ్తుంటే ఊరుకోవడం, లేదా ఐదు సెకన్లకు మించి ఏ సూచనా ఇవ్వకపోవడం. ఇంత వివరంగా రాస్తే, మీరూ ఇంకొకరూ విడివిడిగా చూసినా ఒకే గుర్తు పెడతారు. పెడుతున్నారో లేదో చూడటానికి ప్రతి మూడు నాలుగు పరిశీలనల్లో ఒకదానికి రెండో మనిషిని కూర్చోబెట్టండి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. ఒప్పుకున్న గుర్తులను మొత్తం గుర్తులతో భాగించి, వందతో హెచ్చించండి. ఇక్కడ కూడా కేక మెట్టును విడిగా లెక్కేయండి. ఏడు కేకల్లో ఐదింటి మీదే ఇద్దరూ ఒప్పుకుంటే అది 71. మొత్తం ఫారం మీద 95 వచ్చినా సరే, కొలత ఇంకా కుదరనట్టే. అప్పుడు ముందు ఫారంలో నిర్వచనం సరిచేయాలి. ఈలోగా థెరపిస్టును ఏమీ అనకండి.

రోజంతా కూర్చోనక్కర్లేదు. ఒక్కొక్కరికి వారానికి రెండుసార్లు, పది నిమిషాల చొప్పున చాలు. ఏడుగురికి 14 పరిశీలనలు, 140 నిమిషాలు. వాటిలో నాలుగు ఇద్దరు చూసేవి. ఈ బాబుకు మాత్రం టేబుల్ పని మొదలయ్యే పది నిమిషాలనే ఎంచుకోండి. ఆట సమయంలో చూస్తే అవకాశమే రాదు, అవకాశం రాని మెట్టుకు టిక్కు పెట్టకూడదు. గీత గీసి వదిలేయాలి. మీ పాత ఫారాల్లో కేక రాని రోజుల్లో కూడా తొమ్మిదో గడిలో టిక్కు ఉండి ఉంటుందని నా అనుమానం.

చూస్తున్నారని తెలిస్తే పనితీరు మారడం మామూలే. సిబ్బంది విషయంలో దీన్ని బ్రాకెట్, రీడ్, గ్రీన్ 2007లోనే చూపించారు. దీనికి మీ ముందు మూడు దారులున్నాయి.

చెప్పకుండా కెమెరాలో చూడటం మొదటిది. నిజమైన అంకె దొరుకుతుంది, ఒక్కసారి. రెండో వారం కల్లా ఎవరో ఒకరు కనిపెడతారు, ‘సీఐడీ’ అన్న పేరు ఖాయమవుతుంది. తర్వాత మీరు చెప్పే మంచి మాటను కూడా ఎవరూ నమ్మరు. ఇది నేను వద్దంటాను. రెండోది, ఎప్పుడూ గదిలోనే ఉండటం. రోజూ వచ్చి మూల కూర్చుంటే కొన్నాళ్లకు మీరు బీరువాతో సమానమవుతారు, పనితీరు మామూలు స్థితికి వస్తుంది. కానీ మీ రోజు మొత్తం ఒక్క గదికే పోతుంది. మూడోది, కెమెరా ఉందని, వారంలో రెండుసార్లు పది నిమిషాలు చూస్తానని, ఏ రోజన్నది ముందు చెప్పనని అందరికీ రాతపూర్వకంగా తెలియజేసి, సంతకాలు తీసుకోవడం. కొలత కొంచెం మెరుగ్గానే వస్తుంది, పూర్తి నిజం కాకపోవచ్చు, కానీ రేపు కూడా కొలవగలుగుతారు. నా మొగ్గు దీనివైపు. తల్లిదండ్రుల సంతకం విడిగా కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల నుంచి సరిచూడగలిగే అనుమతి అడుగుతుంది. టాయిలెట్ ట్రైనింగ్ జరిగే చోట కెమెరా ఉండకూడదు. ఫుటేజీ ఎన్ని రోజులు ఉంచుతారో, ఎవరు చూస్తారో ఆ కాగితంలోనే రాయండి, ఎవరి వాట్సాప్‌లోకీ వెళ్లదని కూడా.

థెరపిస్టులనే తమ ఫారం తామే నింపుకోమనడం ఇంకో తేలిక మార్గంలా కనిపిస్తుంది. మెట్లు గుర్తుపెట్టుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కొలతగా మాత్రం తీసుకోకండి, అంకెలు పైకే పోతాయి.

కొలిచాక వచ్చేది అసలు ప్రశ్న: ఎందుకు చేయడం లేదు? మీ ఉత్తరంలో “ఆవిడకు ఇష్టం లేదు” అని రాశారు. ఆ నిర్ణయానికి వచ్చేముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీరు బాబులా కూర్చుని కేక పెట్టండి, ఆవిడను ప్లాన్ చేసి చూపించమనండి. చేయలేకపోతే అది శిక్షణ లోపం. దానికి మందు తెలిసిందే: రాసి ఇవ్వడం, చేసి చూపడం, చేయించడం, అక్కడికక్కడే ఏది బాగుందో ఏది తప్పిందో చెప్పడం. రెండుసార్లు వరసగా తప్పులేకుండా వచ్చేదాకా. 2004లో సారోకాఫ్, స్టర్మీ ఈ నాలుగు మెట్లతోనే ముగ్గురు టీచర్ల ట్రయల్ బోధనలో కచ్చితత్వాన్ని 43–49 శాతం నుంచి 97–99కి తీసుకెళ్లారు. మూడు రోజుల వర్క్‌షాపులో స్లైడ్లు చూపించడం ఈ నాలుగింటిలో మొదటిదే అవుతుంది, మిగతా మూడు ఉండవు.

రోల్‌ప్లేలో చక్కగా చేసి, గదిలో చేయకపోతే? అప్పుడు ఇంకో శిక్షణ దండగ. 2013లో కార్, వైల్డర్ తదితరులు సేవా రంగ సిబ్బంది కోసం తయారుచేసిన పనితీరు నిర్ధారణ చెక్‌లిస్టు నాలుగు వైపులా వెతకమంటుంది: శిక్షణ; పని ఏమిటో స్పష్టంగా చెప్పారా, గుర్తుచేసే ఏర్పాటుందా; వస్తువులు, గది, మనుషులు; చేస్తే ఏమొస్తుంది, చేయకపోతే ఏమవుతుంది. ఈ చివరి రెండింటి దగ్గరే మీ ప్లైవుడ్ పార్టిషన్ ఉంది. ఆవల పదిమంది తల్లులు కూర్చుని ఉంటారు. బాబు కేక పెడితే అందరూ తలుపు వైపు చూస్తారు. కారు చేతిలో పెడితే పది సెకన్లలో నిశ్శబ్దం. కేక బాబుకు విరామం తెచ్చిపెట్టినట్టే, విరామం ఆవిడకు నిశ్శబ్దం తెచ్చిపెడుతోంది. ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకుంటున్నారు, మీ చెక్‌లిస్టు మధ్యలో లేదు. “పిల్లల్ని ఏడిపిస్తున్నారని బయట పేరొస్తుంది” అని యజమాని ఎప్పుడైనా అన్నారేమో కనుక్కోండి. అని ఉంటే ఆవిడ మీ ప్లాన్ పాటించకుండా యజమాని ప్లాన్ పాటిస్తున్నారు.

ఇది నిజమైతే ముందు చేయాల్సినవి ఆవిడతో సంబంధం లేనివి. బాబు సెషన్ హాలు ఖాళీగా ఉండే వేళకు మార్చండి, లేదా లోపలి గదికి. కేకలే తక్కువ వచ్చేలా పని తగ్గించండి: మూడు తేలిక ట్రయల్స్, వెంటనే కార్డు ప్రాంప్ట్, విరామం, వారం తర్వాత నాలుగు, తర్వాత ఆరు. పంటి నొప్పి, చెవిపోటు, మలబద్ధకం లాంటివి లేవని డాక్టరు చూశారా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. నొప్పితో అరుస్తున్న పిల్లవాడి దగ్గర ‘పని ఆపొద్దు’ అన్న నియమాన్ని ఎంత నిక్కచ్చిగా పాటిస్తే అంత తప్పు.

ప్లాన్ మార్చడం కూడా ఒక దారే. ఆ గదిలో, ఆ గోడతో, ఏ మనిషీ కేకను దాటి పని కొనసాగించలేరని తేలితే, పాటించగలిగే ప్లాన్ రాయండి. ఎథెన్స్, వాల్మర్ 2010లో చూపిన పద్ధతి ఇలాంటిదే: కేకకు ఫలితం పూర్తిగా ఆపలేకపోయినా, కార్డుకు వచ్చే ఫలితం చాలా మెరుగ్గా ఉంటే పిల్లలు కార్డు వైపు మొగ్గుతారు. మీ దగ్గర అది ఇలా ఉండొచ్చు: కార్డు ఇస్తే రెండు నిమిషాలు, బొమ్మ కారుతో, వెంటనే. కేక పెడితే పది సెకన్ల ఊరట, బొమ్మ లేకుండా, మాటలు లేకుండా, తర్వాత మళ్లీ పని. మార్పు నెమ్మదిగా వస్తుంది. కానీ ఇక్కడ థెరపిస్టు తప్పు చేసే చోటు ఒక్కటే మిగులుతుంది, కేకకు కారు ఇవ్వడం. అది పార్టిషన్ అవతలి నుంచి కూడా మీకు వినపడే తప్పు.

జీతం సంగతి. ఇన్సెంటివ్ కోస్తే స్కోర్లు పెరుగుతాయి, అందులో సందేహం లేదు. మీరే పెంచుతారు. ఒకరి నెల సంపాదన మీ ఒక్క టిక్కు మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఐదు సరైనవి రెండు తప్పులు ఉన్న సెషన్‌కు మీ చెయ్యి ఎటు పోతుందో ఊహించండి. జూనియర్ అమ్మాయి రాజీనామా చేస్తుంది, కొత్తవాళ్లకు మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. యజమానిని పూర్తిగా కాదనలేకపోతే ఒక మధ్య మార్గం అడగండి: ఇన్సెంటివ్‌ను స్కోరుకు కాకుండా, నెలకు ఎనిమిది పరిశీలనలు పూర్తికావడానికి, ఫీడ్‌బ్యాక్ తర్వాత ఎంచుకున్న ఒక్క మెట్టు మెరుగవడానికి ముడిపెట్టమనండి. ఇదీ కొంత వక్రమవుతుంది, కానీ తక్కువ.

ఒక్క మినహాయింపు. కొట్టడం, నొక్కిపట్టి కూర్చోబెట్టడం, తిండి నీళ్లు ఆపడం, గదిలో వేసి తలుపు పెట్టడం లాంటివి కనిపిస్తే వాటికి శాతాలు లేవు. ఆ రోజే సెషన్ ఆపి, ఆ రోజే తల్లిదండ్రులకు చెప్పాల్సినవి అవి. వాటిని ఫారంలో ఒక గడిగా పెట్టకండి. గడిలో పెడితే అది కూడా పన్నెండులో ఒకటవుతుంది.

తల్లిదండ్రులకు ఇప్పుడే చెప్పాలా, కొలిచాకా? ఇప్పుడే చెబితే మీ చేతిలో అంకె లేదు. “మా వాళ్లు సరిగ్గా చేయడం లేదేమో” అన్న అనుమానం ఒక్కటే ఉంది, అది ఆవిడ మీద నిందగా మిగులుతుంది. నెలలు ఆగితే ఫీజు తీసుకుంటూ దాచినట్టు. ముందు మూడు పరిశీలనలు చేసి, పదో రోజుకల్లా పిలిపించండి. ఒకే గ్రాఫు మీద రెండు గీతలు చూపండి: బాబు కేకలు, కేక మెట్టు మీద మన కచ్చితత్వం. 1982లో పీటర్సన్, హోమర్, వండర్లిక్ అప్పటి పరిశోధనల గురించే ఈ ఫిర్యాదు చేశారు, మొదటి గీతను ఎంతో శ్రద్ధగా గీస్తారు, రెండోది గీయరని. రెండోది లేకపోతే ‘ప్లాన్ పనిచేయలేదు’ అనే మాటకూ ‘ప్లాన్ జరగలేదు’ అనే మాటకూ తేడా తెలియదు. తల్లిదండ్రులు మొదటిదే నమ్మి, ఇంకో సెంటర్‌కో మందులకో వెళ్తారు. రెండో గీత కిందికి ఉంటే అలాగే చెప్పండి: ఆరు వారాల్లో ఈ పద్ధతిని సరిగ్గా పరీక్షించలేకపోయాం, వచ్చే రెండు వారాల్లో గది, వేళ, ఈ మెట్లు మారుస్తున్నాం, ఫలానా తేదీన మళ్లీ ఇదే గ్రాఫు చూపిస్తాం. కొందరు వెళ్లిపోవచ్చు. ఇంట్లో కేకకు ఫోన్ ఎవరిస్తున్నారో అడగడానికి కూడా అదే సమయం. మీ తప్పు ముందు ఒప్పుకున్నాక అడిగితే, నాయనమ్మ పేరు వాళ్లంతట వాళ్లే చెబుతారు.

మిగిలింది ఆ పెద్దావిడ. శిష్యురాలి వయసున్న మనిషి మార్కులేయడం ఎవరికైనా గుచ్చుకుంటుంది. ఆవిడను రెండో పరిశీలకురాలిగా అడిగి చూడండి. ఒప్పుకోకపోవచ్చు, మొదట్లో స్నేహితులకు టిక్కులు ఎక్కువ పడొచ్చు, అది మీ ఒప్పుదల లెక్కలో తేలిపోతుంది. ఆవిడ నింపే మొదటి ఫారం మీ సెషన్‌దే కానివ్వండి. హాలు నిండుగా ఉండే వేళ ఆ బాబుతో టేబుల్ పని మీరే చేయండి, ఆవిడను మూల కూర్చోబెట్టి కాగితం చేతికివ్వండి. అంతమంది వింటుండగా ఒక్కసారైనా మీ చెయ్యి కూడా ఆ బొమ్మ కారు వైపు పోతుంది. ఆ ఇంటూ ఆవిడను పెట్టనివ్వండి.